సున్నా నొక్కిన గది

డిగ్రీ రెండో ఏడాదికొచ్చినా ఆ పిల్ల ఇంట్లో అందరికీ పాపాయే. కాలేజీ దగ్గరని పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. పిన్ని సెల్లార్‌లో మోటారు కుట్టుమిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. బాబాయి ఉద్యోగం పొరుగూళ్లో, సెలవులకే ఇంటికి. కాబట్టి ఇంట్లో పిన్ని మాటకి ఎదురు లేదు, మిషన్ మోతకి విరామం లేదు.

పిన్నివాళ్ల వీధి వెనకాల ఒకప్పుడు ఊరి చెత్తంతా పోసిన గుంట. ఎప్పుడో మట్టి కప్పేశారు. ఈ మధ్య దానిమీద సిమెంటు పరిచి బళ్లు నిలుపుకునే చోటు చేస్తున్నారు. లోపల కుళ్లుతున్న చెత్త మీథేన్ వదులుతూనే ఉంటుంది కదా, పైన మూత బిగిస్తే అదెటు పోతుంది? అదీ పాపాయి ప్రాజెక్టు. జోడీగా ఒక క్లాస్‌మేట్ ఉన్నాడు. ఎవరైనా టైమెంతంటే సెకన్లతో సహా చెప్తాడని వాడికి దశాంశం అని పేరు పడింది. కాలేజీవాళ్లు వీళ్ల చేతికి గాలి కొలిచే పరికరమొకటి ఇచ్చారు. మీథేన్ తగిలితే కీచుమంటుంది. దాన్ని వీళ్లు ఏడుపుగొట్టు అంటారు.

ఆ రోజు పొద్దున ఎండ చురుక్కుమంటుంటే సిమెంటు అంచున నిలబడి కొలుస్తున్నారు.

"ఒసే, ఇది మైనస్ చూపిస్తోంది," అన్నాడు దశాంశం.

"గాలి అప్పుపడిందేమో!"

"నవ్వకు. ఇక్కడా మైనస్సే, రోడ్డుమీదా మైనస్సే. నిన్న కొంచెమే, ఇవాళ బోలెడు. గాలిలో లేనిదాన్ని అంతకంటే లేకుండా చేస్తుందా ఇది?"

పాపాయి పరికరం లాక్కుని చూసింది. నిజమే. ఇద్దరూ కలిసి సార్‌కి ఫోన్ చేశారు. ప్రాజెక్టు చూసే సార్ నిదానం మనిషే గానీ, ఆ పూట మాత్రం తడుముకోకుండా అడిగారు.

"పొద్దున సున్నా ఎక్కడ నొక్కావమ్మా?"

ఏడుపుగొట్టుకి రోజూ పొద్దున్నే శుభ్రమైన గాలిలో సున్నా నొక్కాలి. 'ఇక్కడేమీ లేదు, ఇక్కణ్ణించి లెక్క మొదలెట్టు' అని దానికి చెప్పడమన్నమాట.

"పిన్నివాళ్ల సెల్లార్‌లో సార్. బయట రోడ్డుమీద బళ్ల పొగ కదా, లోపలైతే ప్రశాంతంగా ఉంటుందని..."

ఆ మాట అంటుండగానే పాపాయికి అర్థమైపోయింది. బయట గాలి మైనస్ అయిందంటే, సున్నా అన్న చోటే గాలి చెడిందన్నమాట. మూత కింది మీథేన్ మట్టిలోంచి పక్కకి పాకి సెల్లార్‌లో చేరుతోంది. పొద్దున ప్లగ్గులోంచి తీసి ఆన్ చేయగానే అది కీచుమని మొదలెట్టింది. పిన్ని నిద్ర లేస్తుందని పాపాయే బొటనవేలు నొక్కిపెట్టి దాని నోరు మూయించింది. చిన్న తెరమీద సున్నా వచ్చాక మెచ్చుకోలుగా తట్టింది కూడా.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా? నిప్పు గానీ, స్విచ్చి గానీ..." అన్నారు సార్ కంగారుగా. "వంటగ్యాస్‌కి వాసన కలుపుతారమ్మా. దీనికెవరూ కలపరు."

పిన్ని వంటపని తెముల్చుకుని ఈ వేళకే కిందికి దిగుతుంది. గబగబా పిన్ని నంబరు నొక్కింది. ఒక్క రింగు వెళ్లిందో లేదో కరెంటు తీగ పట్టుకున్నట్టు కట్ చేసేసింది. పిన్ని ఫోన్ ఉండేది సెల్లార్‌లో, చార్జింగ్‌లో. ఫోనెత్తాలంటే ప్లగ్గు పీకుతుంది. అది వదులు ప్లగ్గు, పీకినప్పుడల్లా చిటుక్కుమని మెరుస్తుంది. "మా ఇంట్లో దీపావళి ఉచితం" అని పిన్ని జోకు.

"ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యరా!" అని అరిచి పరుగు లంకించుకుంది.

సందు మలుపులో చెప్పు తెగింది. రెండోదీ విసిరేసింది. దేవుడా, ఇవాళ ఒక్కరోజు కూర మాడిపోవాలి, పాలు పొంగిపోవాలి, పక్కింటావిడ వచ్చి ఊళ్లోవాళ్ల మీద చాడీలు చెప్తూ కూర్చోవాలి. ఇలాంటి మొక్కులు మొక్కుకుంటూ గేటు తోసింది. వంటింటి కిటికీ మూసి ఉంది. నేలకి జానెడెత్తులో ఉన్న సెల్లార్ వెంటిలేటర్‌లోంచి టకటకా టకటకా మిషన్ మోత.

పాపాయి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మోత ఆపాలి, లోపల ఏ స్విచ్చీ ముట్టుకోకుండా ఆపాలి. మీటరు పెట్టె బయటి గోడకి ఉంది. మెయిన్ మీద చెయ్యి వేసి, కళ్లు గట్టిగా మూసుకుని కిందికి లాగింది.

ఏమీ కాలేదు. మోత ఆగింది.

"చచ్చింది కరెంటు!" లోపలినుంచి పిన్ని. "సరిగ్గా కాలరు దగ్గరే చస్తుంది. ఈ అగ్గిపెట్టె ఎక్కడ తగలడిందో..."

పాపాయి ఒక్క గెంతులో మెట్ల దగ్గరికి చేరింది. గ్యాసు, పేలుడు అని చెప్తే పిన్ని వింటుందా? "నీ ప్రాజెక్టు పిచ్చి నా నెత్తికెక్కించకు" అని అగ్గిపుల్ల గీసి మరీ చూపించే రకం. మెట్లమీంచే అరిచింది.

"పిన్నీ! యూనిఫారం తీసుకెళ్లినావిడ గేటు దగ్గర గోల చేస్తోంది! నీకు కుట్టడమే రాదంటోంది!"

"ఎవత్తే అది?"

చీకట్లో కుర్చీ పడిన చప్పుడు. దేనికో తట్టుకుని, దాన్ని తిట్టి, పిన్ని మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేసింది. ఎక్కీ ఎక్కగానే పాపాయి ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాటించి, రోడ్డు దాటించి అవతలి గోడకి చేరేసింది.

"చెయ్యి వదలవే! ఏదీ ఆవిడ?"

"ఎవరూ లేరు పిన్నీ." ఇంకేమీ చెప్పలేక భోరుమంది.

అప్పటికి దశాంశం రొప్పుతూ వచ్చాడు. పక్క సందులో బళ్లు లేని చోట నిలబడి ఏడుపుగొట్టుకి కొత్తగా సున్నా నొక్కాడు. కర్రకి కట్టి వెంటిలేటర్‌లోకి దూర్చాడో లేదో, అది వీధంతా వినపడేలా కీచుమంది. కర్ర వదిలేసి వెనక్కి గెంతాడు.

"ఇది పొద్దున కూడా ఏడ్చిందా?" అడిగింది పిన్ని.

"ఏడ్చింది."

"నువ్వేం చేశావు?"

పాపాయి బొటనవేలు చూపించింది. పిన్ని పిడికిలి విప్పి, లోపల నలిగిన అగ్గిపెట్టె వంక చూసింది. తర్వాత దాన్ని డ్రైనేజీలో పారేసి, ఇంటి వరస వంక చూసింది. ఆ గుంట అంచున కట్టిన ఇళ్లన్నిటికీ సెల్లార్లున్నాయి. నేలకి జానెడెత్తులో ఒకే రకం వెంటిలేటర్లు.

"ఫైరింజన్ ఎంతసేపట్లో వస్తుందిరా?"

"వస్తున్నామన్నారు ఆంటీ." మొదటిసారి దశాంశం దగ్గర అంకె లేదు.

పిన్ని కొంగు దోపుకుని పక్కింటివైపు నడిచింది. పాపాయి వెనకాల పరిగెత్తింది.

"బెల్లు నొక్కకు పిన్నీ!"

"తెలుసులేవే," అంది పిన్ని. రెండు చేతులతో తలుపు బాదడం మొదలెట్టింది. లోపల ఎవరో నింపాదిగా "ఆ, వస్తున్నా" అన్నారు. కింద, ఆ ఇంటి సెల్లార్ వెంటిలేటర్‌లో లైటు వెలిగింది.