అరచెయ్యంత రొట్టె

ఆళ్లగడ్డలో లక్ష్మీనారాయణ సారుకు ఒక పద్ధతి ఉంది. ఎవరింటికి పోయినా టీ ఇస్తే తాగుతాడు. షాహీదా ఇంటికి పోతే మాత్రం "ఇప్పుడే తాగినామ్మా" అంటాడు. ఏడేళ్లుగా ఆయన భార్య ప్రసన్నకు జాకెట్లు కుడుతున్నది షాహీదానే. ఏడేళ్లుగా ఆయన ఆ గడప తొక్కేముందే ఎక్కడో ఒకచోట టీ తాగేసి వస్తున్నాడు. ఇందులో పట్టింపు ఏమీ లేదని ఆయన నమ్మకం. పట్టింపే ఉంటే ఆ ఇంట్లో జాకెట్లు కుట్టిస్తామా అని కూడా అంటాడు. ఎవరూ అడగకపోయినా అంటాడు.

అలాంటి మనిషి సింగపూర్ పోవలసి వచ్చింది. ఆయనకు పోవాలని ఏమీ లేదు. నంద్యాలలో ఉండే షడ్డకుడు వెంకటేష్ పోయిన వేసవిలో పోయొచ్చి, నోట్లోంచి నీళ్లు కక్కే సింహం ముందు భార్యతో నిలబడిన ఫొటోను తలుపంత చేయించి హాల్లో తగిలించాడు. ఫొటో కింద సోఫా వేశాడు. నంద్యాల పోయినప్పుడల్లా ప్రసన్న ఆ సోఫాలోనే కూర్చోవాలి. మూడోసారి కూర్చుని వచ్చాక ఆమె బస్సులో ఆళ్లగడ్డ దాకా మాట్లాడలేదు. బస్సు దిగుతూ లక్ష్మీనారాయణే "సరేలే, పోదాం" అన్నాడు.

నంద్యాల ఏజెంటు దగ్గర అన్నిటికంటే చవక ప్యాకేజీ అది. మూడు రాత్రులు, టికెట్లు, గది. "తిండి మాత్రం మీ చేతుల్లోనే ఉంటాది సార్" అన్నాడు ఏజెంటు. ఆ మాట ఎంత నిజమో అప్పుడు తెలియలేదు.

ప్రయాణానికి ముందురోజు షాహీదా కూతురు ఆర్షియాను వెంటబెట్టుకొని వచ్చింది. షాహీదా భర్త షఫీ సింగపూర్‌లో ఓడలు బాగుచేసేచోట వెల్డరు. శిరివెళ్ల హైస్కూల్లో లక్ష్మీనారాయణ దగ్గరే లెక్కలు చదువుకున్నాడు. ఇంటికి వచ్చి రెండేళ్లు దాటింది.

"ఇరవై రొట్టెలు సార్, జొన్నయి. బాగా ఎండబెట్టినా, నెలైనా ఏం కాదు. ఈ డబ్బాలో బుడ్డల కారప్పొడి. ఆడ అన్నీ దొరుకుతాయంట, ఇది దొరకదంట" అంటూ సంచి అందించింది షాహీదా.

"నేను గూడా ఒగటి చేసినా" అన్నది ఆర్షియా. రెండో తరగతి. సంచిలో చెయ్యిపెట్టి పైనున్నది తీసి చూపించింది. అరచెయ్యంత రొట్టె. గుండ్రం కాదు, ఇంకే ఆకారమూ కాదు. తట్టిన ఐదువేళ్ల గుర్తులు అట్లాగే ఎండిపోయి ఉన్నాయి. "ఇది నా ఫస్ట్ రొట్టె. మా అబ్బకు ఫోన్లో చెప్పినా. ఇది ఆయనకే."

"బంగారం లెక్క తీసకపోయి ఇస్తానమ్మా" అన్నాడు లక్ష్మీనారాయణ. మనస్ఫూర్తిగానే అన్నాడు. కూర్చోమనకుండా అన్నాడు గానీ, మనస్ఫూర్తిగానే.

సింగపూర్ ఊరు బాగానే ఉంది. ధరలే బాగాలేవు. లెక్కల మాస్టరు కాబట్టి కనిపించిన ప్రతిదాన్నీ రూపాయల్లోకి గుణించాడు. టీ గుణించి తాగలేదు. ఇడ్లీ గుణించి, ఆ బల్ల మీది మంచినీళ్లు తాగి బయటికొచ్చాడు. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర రెండోరోజు పొద్దుటికే వాసన వేసింది. అయినా మధ్యాహ్నం దాకా తిన్నారు. సాయంత్రం గదిలో మంచం మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కూర్చోడానికి మంచం తప్ప ఇంకేమీ లేదు. ఎదురుగా కుర్చీ వేసేంత గది అయితే ఆ రేటుకు ఎందుకిస్తారు? గోడకు షాహీదా సంచి వేలాడుతోంది.

"షఫీ ఆదివారం గానీ రాడు కదా" అన్నది ప్రసన్న. "అంతవరకు అవి మెత్తబడిపోతే?"

"ఎండు రొట్టెలు యాడ మెత్తబడతాయే."

"ఇది సముద్రం ఊరు. గాల్లో తేమ ఉండాది. ఒగటి చూద్దాం. చెడిపోయినాక తీసకపోయి ఇస్తే మాట మనకే కదప్పా వచ్చేది."

న్యాయమైన మాట. ఒకటి చూశారు. చెడిపోలేదు. పొడి సంగతి తెలియాలి కదా అని ఇంకొకటి చూశారు. వేయించిన వేరుశెనగ బుడ్డలు, ఎండుమిరప, వెల్లుల్లి. పొడి కూడా చెడిపోలేదు. ఇరవైలో రెండు పోతే పది శాతం. మార్కెట్ యార్డులో శెనగలకే అంత తరుగు తీస్తారు, విమానమెక్కి వచ్చిన రొట్టెకు తియ్యకూడదా అనుకున్నాడు లక్ష్మీనారాయణ. ఆ తర్వాత శాతాలు కట్టడం మానేశాడు.

శనివారం టికెట్టు లేకుండా చూడగలిగినవన్నీ చూశారు. పేరున్న తోటను బయటినుంచి, మనుషుల్ని ఎక్కించుకొని తిరిగే పెద్ద చక్రాన్ని కిందినుంచి. సింహం మాత్రం ఊరికే నిలబడి ఉంటుంది కాబట్టి దగ్గరికే పోయారు. వెంకటేష్ ఫొటోను ఫోన్‌లో చూసుకుంటూ, సరిగ్గా అదే చోట, అతనికంటే ఒక అడుగు ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. గదికొచ్చేసరికి ప్రసన్న కాళ్లు వాచిపోయాయి. స్నానానికి పోయింది. లక్ష్మీనారాయణ కెటిల్లో నీళ్లు కాచి, ఇంటి టీపొడి కలుపుకొని, ఒక చేత్తో వెంకటేష్‌కు ఫొటోలు పంపిస్తూ ఇంకో చేత్తో సంచిలో వెతికాడు. చిన్నదేదో తగిలింది. టీలో ముంచాడు. బిస్కెట్టులాగా ఉంది. సగం అయ్యాక బొటనవేలి కింద గుంటలాగా తగిలింది. చూశాడు. రెండువేళ్ల గుర్తులు మిగిలి ఉన్నాయి. మూడువేళ్లవి కడుపులో ఉన్నాయి.

సగం రొట్టె తిరిగి సంచిలో పెడితే ఏమని చెప్పాలి? కాసేపు ఆలోచించాడు. మిగతాది కూడా తినేశాడు. ప్రసన్నకు చెప్పలేదు.

ఆదివారం షఫీ గంటన్నర బస్సులో కూర్చుని, మనవాళ్లు ఎక్కువగా తిరిగే వీధికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వంగి సారు కాళ్లు ముట్టబోయాడు. లక్ష్మీనారాయణ వెనక్కి జరిగాడు. సంచి తేలికగా ఉండటం చూసి షఫీ అక్కడే అరుగు మీద కూర్చుని విప్పాడు. మూడు రొట్టెలు, కొన్ని ముక్కలు, డబ్బా అడుగున రెండు స్పూన్ల పొడి.

"విమానంలో నలిగిపోయినాయప్పా. లగేజీ మీద లగేజీ యేస్తారు" అన్నాడు లక్ష్మీనారాయణ. సంచి దారి పొడుగునా ఆయన ఒళ్లోనే ఉంది.

"అవు సార్, ఎట్లబడితే అట్ల యేస్తారు" అన్నాడు షఫీ. అడుగుదాకా చెయ్యిపెట్టి వెతికాడు. "చిన్నదొకటి ఉండాల సార్. పాప చేసింది."

"అదా... పొడైపోయింటాది."

ప్రసన్న ఎదురుగా ఉన్న పూలకొట్టును శ్రద్ధగా చూస్తోంది. షఫీ సంచి అడుగున ఉన్న పొట్టును చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు. సంచి మూతి ముడివేసి లేచాడు.

"రాండి సార్, తిందాం. మన ఊరోళ్లు ఈడికొచ్చి ఆకలితో పోకూడదు."

ఇద్దరికీ బిర్యానీ పెట్టించాడు. తను టీ తాగాడు. బిల్లు వచ్చినప్పుడు లక్ష్మీనారాయణ చెయ్యి జేబులోకి పోయింది. జేబులోంచి చెయ్యి ఎంత నిదానంగా రావాలో మధ్యతరగతి మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. అది బయటికొచ్చేలోగా షఫీ కట్టేశాడు.

ఆళ్లగడ్డకు వచ్చిన వారానికి సింహం ఫొటో హాల్లోకి ఎక్కింది. వెంకటేష్ దానికంటే నాలుగంగుళాలు పెద్దది. దాని కింద లక్ష్మీనారాయణ పేపరు చదువుతుండగా షాహీదా, ఆర్షియా వచ్చారు. షాహీదా చేతిలో స్టీలు డబ్బా. ఈసారి ఆయన లేచి కూర్చోమన్నాడు.

"చానా మేలు చేసినారు సార్" అన్నది షాహీదా. "ఇరవైకి ఇరవై బాగా చేరినాయంట. పొద్దున ఒగటి, రాత్రి ఒగటి తింటాండాడంట. రూములో వాళ్లకు గూడా పెట్టలేదంట చూడండి. ఇంత పిసినారి యెప్పుడైనాడో."

లక్ష్మీనారాయణ పేపరును మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"మీకు గూడా చేసకొచ్చినా. మీరు మా ఇంటివి తినరని తెలుసు సార్. అక్కయినా రుచి చూస్తాదని."

ఏడేళ్లుగా ఆమెకు తెలుసునన్నమాట. ఏడేళ్లుగా ఆమె అడుగుతూనే ఉంది, టీ తాగుతారా అని.

ప్రసన్న డబ్బా తీసుకుంది. రొట్టె ముక్క తుంచి పొడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. "బాగుంది" అని ఆపి ఉంటే బాగుండేది. మనస్ఫూర్తిగా తినేవాళ్లకు ఆపడం తెలియదు.

"ఈసారి వెల్లుల్లి తక్కువేసినావు షాహీదా."

ఫ్యాను తిరుగుతోంది. షాహీదా ప్రసన్నను చూసింది, లక్ష్మీనారాయణను చూసింది, ఆ తర్వాత తన కొంగుకు అంటుకున్న దారపు పోగును చూసింది. దాన్ని తీసి వేలికి చుట్టుకుంది.

"అవునక్కా" అన్నది. "ఈసారి తక్కువేసినా. పోదాం పాపా, లెయ్."

ఆర్షియా లేవలేదు. ఆమె పని ఇంకా అయిపోలేదు.

"సార్, మా అబ్బ నా రొట్టె తినలేదంట. దాచిపెట్టుకున్నాడంట. మీరు చూసినారా?"

"చూసినా" అన్నాడు లక్ష్మీనారాయణ.

"యాడ పెట్టినాడు?"

"పెట్టెలో. బట్టల పెట్టెలో పెట్టుకున్నాడు, పైన."

ఆర్షియా ఆలోచించింది. "మాకేమో కవర్లో యేసి మంచం కాడ గోడకు తగిలించినా అన్నాడే."

పరీక్షల్లో కాపీ కొట్టినవాళ్లను లక్ష్మీనారాయణ ముప్పై ఏళ్లుగా ఇట్లాగే పట్టుకుంటున్నాడు. ఇద్దర్నీ విడివిడిగా పిలిచి ఒకే లెక్క అడుగుతాడు. ఒకడు పెట్టె అంటాడు, ఒకడు గోడ అంటాడు. అప్పుడు ఆయన వాళ్లను ఎట్లా చూసేవాడో ఆ పిల్ల ఇప్పుడు ఆయన్ను అట్లాగే చూస్తోంది. కోపం లేదు. జవాబు కోసం చూస్తోంది, అంతే.

"వదిలెయ్ పాపా" అన్నది షాహీదా. "సార్ ఆడ వెయ్యి చూసింటాడు. గుర్తుంటాదా ఏమి?"

ఆ దారి పట్టుకొని బయటపడొచ్చు. షఫీ ఒక దారి వేశాడు, ఇప్పుడు ఆమె ఒకటి వేస్తోంది. ఆ ఇంటిల్లిపాదీ ఆయన కోసం దారులు వేసి అలసిపోతున్నారు.

"నీ రొట్టె మీ నాయనకు చేరలేదు పాపా" అన్నాడు లక్ష్మీనారాయణ. "నేను తినేసినా."

ప్రసన్న తలెత్తి మొగుణ్ని చూసింది. మిగతావాటి సంగతి ఆమెకు తెలుసు. ఇది ఆమెకూ కొత్తే.

"ఎందుకు సార్?"

"ఆకలైంది."

"మీకాడ దుడ్లు లేకపోయనా?"

ఆయన గోడ మీది ఫొటో వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాడు. అది తలుపుకంటే పెద్దది. చూడకుండా ఉండటం కష్టం.

"ఉండె" అన్నాడు.

ఆర్షియాకు ఇది అర్థం కాలేదు. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పడం ఆయనకు చేతకాలేదు. షాహీదా ఇంకా దారం చుట్టుకుంటూనే ఉంది. వేలి కొన తెల్లబడింది.

"రెండేళ్ల నుంచి అట్లే చెప్తాడు సార్ ఆయన" అన్నది చివరికి. "తిన్నా అంటాడు. బాగుండా అంటాడు. ఏది నమ్మాల్నో ఏమో." ఆగి, అడిగింది. "బక్కగైనాడా సార్? మీరు చూసినారు కదా."

లక్ష్మీనారాయణ గుర్తు చేసుకోడానికి ప్రయత్నించాడు. ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. బిర్యానీ గుర్తొచ్చింది. బిల్లు గుర్తొచ్చింది. ఆ ఆదివారమంతా తను షఫీ మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏమోనమ్మా" అన్నాడు. "నేను సరిగా చూడలేదు."

షాహీదా తల ఊపింది. లేచింది. ఆర్షియా తల్లి కొంగు పట్టుకొని గుమ్మందాకా పోయి, ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. డబ్బా మూత తీసి, పెద్ద రొట్టెల కింద వెతికి, చిన్నదాన్ని పైకి తీసింది. ఈసారి కాస్త గుండ్రంగానే వచ్చింది, ఐదువేళ్ల గుర్తులు మాత్రం అట్లాగే ఉన్నాయి. అది ఇవ్వాలా వద్దా అన్నట్టు తల్లి వైపు చూసింది.

"ఇయ్యి" అన్నది షాహీదా. "సార్‌కని చేసినావు కదా."

ఆర్షియా దాన్ని ఆయన చేతిలో పెట్టి, తింటాడేమోనని అక్కడే నిలబడింది.

"ఇప్పుడే తిన్నామ్మా" అనే మాట లక్ష్మీనారాయణ నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది. ఏడేళ్ల అలవాటు. దాన్ని మింగడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తర్వాత రొట్టె కొరికాడు. టీ లేదు. గట్టిగా ఉంది. పిల్ల చూస్తుండగా, ఐదువేళ్లూ అయిపోయేదాకా నమిలాడు.