బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి

నేను ఒక బంతిని. అనగానే మైదానాలూ, సిక్సర్లూ, చప్పట్లూ ఊహించుకోకండి. నన్ను ఎవరూ బ్యాటుతో కొట్టలేదు, కాలితో తన్నలేదు. నేను పిసకడానికి పుట్టిన బంతిని. జీడిమెట్లలో ఒక రేకుల షెడ్డులో పసుపురంగు నురగను అచ్చులో పోసి, అది ఉబ్బి గట్టిపడ్డాక నన్ను బయటికి తీశారు. నాతోపాటు పుట్టిన అక్కచెల్లెళ్ళు గోనెసంచుల నిండా ఉన్నారు. మా అందరి నుదుటి మీదా నీలిరంగులో "ప్రశాంతంగా ఉండండి" అని అచ్చు గుద్దారు. ఆ అచ్చు గుద్దిన మనిషి ఆ పూటంతా మేస్త్రీతో పోట్లాడుతూనే ఉన్నాడు.

అక్కడినుంచి మమ్మల్ని మాదాపూర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు తెచ్చారు. ఆ రోజు అక్కడ ఆరోగ్య శిబిరం. వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ బీపీ చూసి, కొంచెం ఎక్కువగానే ఉందని చెప్పి, తలా ఒక బంతి చేతిలో పెట్టి, ఇక త్వరగా సీట్లకు వెళ్ళండి, పని ఆగిపోతోంది అని పంపేశారు. ఒత్తిడి పెట్టేవాళ్ళే దానికి బంతి కూడా ఇవ్వడం మనుషులకే చెల్లింది. నేను మల్లినాథ్ అనే ఇంజనీరు చేతిలో పడ్డాను.

మల్లినాథ్‌ది కోరుట్ల. మాటలు బహు తక్కువ. అతనుండే టీమ్ ఆసుపత్రుల్లో రోగులకు టోకెన్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారు చేసేది. అందులో ఎక్కడో తప్పు దొర్లి అందరూ తలలు పట్టుకున్నప్పుడు, అతను నన్ను ఎడమచేత్తో పిసుకుతూ కంప్యూటర్ తెర వంక చూస్తూ కూర్చునేవాడు. పిసకడం ఆగిందంటే తప్పు దొరికిందన్నమాట. ఎలా దొరికిందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నమిలేవాడు. పొడిగా, నిదానంగా ఉండే చేతులు అతనివి. నాకు అతనంటే ఇష్టం. ఇష్టం కాబట్టే అతను చేసిన పొరపాటును కూడా దాచకుండా చెబుతున్నాను.

అప్పట్లో ఆ టీమ్‌కు లీడ్ ఉబేదుల్లా గారని పెద్దమనిషి. వాళ్ళకు రోజూ పొద్దున ఒక చిన్న సమావేశం ఉండేది. కూర్చుంటే ఎవరూ లేవరని నిలబడే మాట్లాడుకునేవారు. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను, అంతే చెప్పాలి. కానీ ఒకరు మొదలుపెడితే ముగ్గురు అడ్డు తగిలేవారు. ఒకరోజు ఉబేదుల్లా గారికి విసుగొచ్చి, మల్లినాథ్ బల్ల మీదున్న నన్ను అందుకున్నారు.

"ఇగో, ఇయాల్టి నుంచి బాల్ ఎవరి చేతిల ఉంటే వాళ్ళే మాట్లాడాలె. మిగిలినోళ్ళు వినాలె. నేనైనా సరే."

అలా నేను ఒక్కడి బంతిని కాస్తా అందరి బంతినయ్యాను. అప్పటినుంచీ మనుషులను నేను చేతులనుబట్టి గుర్తుపడుతున్నాను. నోటితో ఏం చెప్పినా, చెయ్యి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది.

కొన్నాళ్ళకు ఉబేదుల్లా గారు పుణె ఆఫీసుకు బదిలీ అయ్యారు. మల్లినాథ్‌ను లీడ్ చేశారు. ఒక పని బాగా చేసేవాణ్ణి చూసి, ఆ పని మాన్పించి, చేసేవాళ్ళ మీద కూర్చోబెట్టడం మనుషుల పద్ధతి. దాన్ని ప్రమోషన్ అంటారు, స్వీట్లు కూడా పంచుతారు. మల్లినాథ్ కోవా పంచాడు. పంచుతున్నప్పుడు అతని ముఖంలో సంతోషం కంటే బెదురే ఎక్కువగా ఉంది. పాపం, ప్రోగ్రాం రాయడం వచ్చిన మనిషి, మనుషులతో ఏం మాట్లాడాలో ఎక్కడ నేర్చుకుంటాడు?

అందుకని అతనికి వచ్చిన పనే ఎక్కువగా చేశాడు. ఆ పనికి త్వరగా వెళ్ళాలని సమావేశంలో నన్ను టపటపా విసిరించేవాడు. ఒకరి మాట పూర్తవుతూనే "నెక్స్ట్" అనేవాడు. కాఫీ చల్లారకముందే మీటింగ్ అయిపోయేది. తమ మీటింగంత చిన్న మీటింగ్ ఈ అంతస్తులో ఇంకెవరికీ లేదని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఆ టీమ్‌లో సలోమి ఉంది. చీరాల పిల్ల. కాన్పు సెలవు ముగించుకుని అప్పుడే మళ్ళీ పనిలో చేరింది. బిడ్డను అత్తగారి దగ్గర వదిలి వస్తుంది. నేను తన చేతికి వచ్చినప్పుడల్లా నిన్నటి పని, ఇవాళ్టి పని గబగబా అప్పజెప్పి, "ఎక్కడా ఆగలేదండీ" అనేది. అంటున్నంతసేపూ ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉండేది. పక్కవాళ్ళకు విసిరేముందు నన్ను చున్నీకి తుడిచేది. అందుకే ఆ తడి సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తడికి కారణం మల్లినాథే. సలోమి సాయంత్రం రాసిపెట్టి వెళ్ళిన కోడ్‌ను, అతను పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తిరగరాసేవాడు. అరిచేవాడు కాదు, పైవాళ్ళకు ఫిర్యాదు చేసేవాడు కాదు. అసలు ఒక్క మాట కూడా చెప్పేవాడు కాదు. ఇంట్లో పసిబిడ్డ, ఆమెను పిలిచి తప్పులు చూపించి ఎందుకు కష్టపెట్టాలి, నేనే సరిచేస్తే పోలా అనుకునేవాడు. అది దయ అని అతను నిజంగానే నమ్మాడు. నన్ను పక్కన పెట్టుకుని హాయిగా ఈల వేసుకుంటూ చేసేవాడు ఆ పని. నాకు నోరుంటే ఆరోజే ఆపేదాన్ని.

ఆమె వచ్చి కంప్యూటర్ తెరిస్తే నిన్న రాసినదేదీ ఉండేది కాదు. ఒక మాట లేదు, ఒక ప్రశ్న లేదు. సెలవు మీద వెళ్ళొచ్చిన దాన్ని ఎలా సాగనంపాలా అని చూస్తున్నారనుకుంది.

ఒక సోమవారం నన్ను సలోమి వైపు విసిరారు. పట్టుకుంది. నిన్నటి పని చెప్పలేదు. ఇవాళ్టి పని చెప్పలేదు. నన్ను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మల్లినాథ్ గడియారం చూసుకుని, "సరే, నెక్స్..." అనబోయాడు.

పక్కనున్న కుమారస్వామి నల్లగొండవాడు, ఊరుకునే రకం కాదు. "బాల్ నీ కాడ లేదన్నా" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. మల్లినాథ్ నోరు మూసుకోక తప్పలేదు. నవ్వంతా తగ్గాక సలోమి నోరు విప్పింది.

"నేను రిజైన్ చేద్దామనుకుంటున్నానండీ. ఈ శుక్రవారం ఇచ్చేస్తాను."

మల్లినాథ్ మళ్ళీ ఏదో అనబోయి నావంక చూసి ఆగిపోయాడు.

"నేను రాసిందల్లా పొద్దున వచ్చేసరికి మారిపోయుంటంది. తప్పుంటే చెప్పొచ్చుగా? తిట్టినా బాగుండు. మొన్న నేనొకటి పెట్టాను. టోకెన్ పిలిచినప్పుడు మనిషి లేకపోతే టోకెన్ కొట్టెయ్యకుండా, కాసేపాగి మళ్ళీ పిలిచేటట్టు. అది తీసేశారు. ఎందుకు పెట్టానో ఎవరూ అడగలా. మా బాబుకి జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే, వాడు కక్కుకున్నాడని కడగడానికి వెళ్ళాను. వచ్చేసరికి నా టోకెన్ పోయింది. మళ్ళా మొదట్నించీ లైన్లో నిలబడ్డాను, వాణ్ణి ఎత్తుకుని. ఇంకొకరికి అలా జరక్కూడదని పెట్టానండీ."

అంతే చెప్పింది. ఆ రోజు నన్ను విసరలేదు. నడిచివెళ్ళి మల్లినాథ్ చేతిలో పెట్టింది. తుడవడం మర్చిపోయింది.

అతని వేళ్ళు నన్ను తడిమాయి. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"ఇది రోజూ ఇట్లనే తడుస్తదా?"

"మీరు విసిరేయమంటారుగా, తుడిచి విసిరేస్తాను. మీకెలా తెలుస్తది?"

బంతి ఇప్పుడు అతని దగ్గరే ఉంది కాబట్టి అతను మాట్లాడాలి. అతను మొదట ఆ టోకెన్ కోడ్ ఎందుకు తీసేశాడో చెప్పబోయాడు, నిడివి ఎక్కువైందనీ, అవసరం లేదనిపించిందనీ. సగంలో ఆ మాట తనకే వెగటుగా అనిపించినట్టుంది, ఆపేశాడు. ఆ పొడి చేతులకు మొదటిసారి చెమట పట్టింది.

"నాకు చెప్పుడు రాదు సలోమి గారూ. రాసుడొక్కటే వచ్చు. మీకు కష్టమైతదని నేనే రాసిన."

"అయితే నేర్చుకోండి. బిడ్డని పెంచడం నాకు మాత్రం వచ్చా? పుట్టాకే నేర్చుకున్నాగా."

ఆ రోజు మీటింగ్ ఆలస్యమైంది. మర్నాటి నుంచి నన్ను విసరడం మానేశారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఇవ్వాలని మల్లినాథ్ కొత్త నియమం పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది, నాకు కూడా. అతను కుర్చీ లాక్కుని సలోమి పక్కన కూర్చునేవాడు. ఆమె టైప్ చేస్తుంటే తప్పు అతనికి ముందే కనిపించేది. చెయ్యి కీబోర్డు మీదికి దూకబోయేది. దాన్ని ఆపడానికి నన్ను పట్టుకుని పిసికేవాడు. ఆమె ఎంతసేపు తడుముకుంటే నన్ను అంత గట్టిగా నొక్కేవాడు. పుట్టిన ఇన్నాళ్ళకు నేను ఒత్తిడి దించే నా అసలు పనిలో పూర్తిగా పడ్డాను, ఆ పని ఇంత బాధ అని తెలియదు. ఒక పూట నా పొట్ట చీలి, లోపలి నురగ పొడిపొడిగా రాలింది. అయినా అతను కీబోర్డు ముట్టలేదు. "ఇక్కడ ఏమైతదనుకుంటున్నరు?" అని మాత్రం అడిగాడు. ఆమె కాసేపు చూసి, "అయ్యో, ఇక్కడే" అని తప్పు తనే పట్టుకుంది. అప్పుడు అతను నవ్విన నవ్వు కోవా పంచిన రోజు కూడా నవ్వలేదు.

శుక్రవారం వచ్చింది. మల్లినాథ్ పొద్దుటినుంచీ టీ తాగలేదు. సమావేశంలో నేను చేతులు మారి మారి సలోమి దగ్గరికి చేరాను. అతను తన చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు. ఆమె నిన్నటి పని చెప్పింది. ఇవాళ్టి పని చెప్పింది. తర్వాత కొంచెం ఆగి, "ఒకచోట ఆగిపోయానండీ. మధ్యాహ్నం కాసేపు కూర్చుంటారా?" అని అడిగింది. రిజైన్ మాట ఎత్తలేదు. ఆమె చెయ్యి పొడిగా ఉంది. అతను "కూర్చుంట" అన్నాడు. బంతి తన దగ్గర లేకుండా మాట్లాడినందుకు కుమారస్వామి కూడా ఏమీ అనలేదు.

ఆ టోకెన్ సదుపాయం ఇప్పుడు ఆసుపత్రుల్లో నడుస్తోంది. బిడ్డను కడుక్కుని వచ్చేలోగా ఎవరి వంతూ పోదు. దాని వెనక ఒక చిరిగిన బంతి ఉందని ఎవరికి తెలుస్తుంది లెండి, నాకేం బాధ లేదు.

నా చీలికకు సలోమి తన పద్ధతిలో వైద్యం చేసింది. బాబుకు పట్టని పాత మేజోడు ఒకటి తెచ్చి, నన్ను అందులో దూర్చి, మూతి కుట్టేసింది. తెల్ల మేజోడు, దాని మీద బాతు బొమ్మ. ఆ తర్వాత మరోసారి ఆరోగ్య శిబిరం పెట్టి కొత్త బంతులు పంచారు. పాతవి చెత్తబుట్టలో వేయమన్నారు. మల్లినాథ్ కొత్తది తీసుకున్నాడు, ఇంటికి తీసుకెళ్ళి మేనకోడలికి ఇచ్చాడు. నన్ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నా నుదుటి మీది "ప్రశాంతంగా ఉండండి" ఎప్పుడో చెరిగిపోయింది. అయినా ఆ గదిలో మునుపటి కంటే ప్రశాంతంగానే ఉంటున్నారు.

ఈమధ్య పై అంతస్తులో ఒక కొత్త టీమ్ పెట్టారు. సలోమిని దానికి లీడ్ చేశారు. మొదటి రోజు పొద్దున తన టీమ్ వాళ్ళు ఇంకా రాకముందే ఆమె ఒక్కతే ఖాళీ గదిలో నిలబడి ఉంది. మల్లినాథ్ మెట్లెక్కి వచ్చాడు. జేబులోంచి నన్ను తీసి, ఆమె చేతిలో పెట్టి, వెంటనే చెయ్యి తీసేయలేదు. ఆమె అరచెయ్యి తడిసి ముద్దయి ఉంది. ఆ తడి మేజోడులోంచి దిగి నాదాకా వచ్చింది. అతనికీ తెలిసింది.

"ఎక్కడన్న ఆగిపోయిన్రా?"

సలోమి అలవాటుగా చున్నీ అంచు అందుకుంది. నన్ను తుడవబోయి, మానుకుంది.

"భయంగా ఉందండీ" అంది.

మల్లినాథ్ ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.