సేనాపతి కవచం

ఫోమ్ షీటు మెత్తబడేదాకా యాసిన్ దానికి వేడిగాలి పట్టాడు. వేడిగాలి మెషీను పక్కన పెట్టి, షీటును తన ఛాతీకి అదుముకుని, చల్లారేవరకు కదలకుండా నిలబడ్డాడు. కవచానికి వంపు అలాగే తెస్తాడు.

అతను పనిచేసే సోఫా దుకాణం యజమాని మల్లేశయ్య చూశాడు.

"తొడిగేటోడు వేరే, కొలత నీదా? గట్ల ఎట్ల సరిపోతదిరా వానికి?"

"సరిపోతది సేట్," అన్నాడు యాసిన్.

తొడిగేది హేమచంద్ర. శేరిగూడ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతాడు. అతనూ, తేజస్వీ, మరికొందరూ ఒక రాజ్యాన్ని కల్పించుకున్నారు. సెలవు రోజున ఆ రాజ్యపు వేషాలు వేసుకుని కలుస్తారు, పోటీలకు వెళ్తారు. వేషం వేశాక ఎవరినీ సొంత పేరుతో పిలవకూడదు. తేజస్వి మహారాణి. హేమచంద్ర సేనాపతి. ఫోమ్ కొనడానికి ఇబ్రహీంపట్నం వచ్చి యాసిన్‌ను కలుపుకున్నారు. కవచాలన్నీ అతనే చేస్తాడు. పోటీలకూ వెళ్తాడు. అక్కడ సొంత పేరుతో పిలిపించుకునేది అతనొక్కడే.

తనకూ ఒక వేషం కావాలని ఒకసారి అడిగాడు.

"యాసిన్ భాయ్‌కి వేషమెందుకు? ఆయనే మన ఆయుధాగారం," అన్నాడు హేమచంద్ర.

అందరూ నవ్వారు. యాసిన్ కూడా నవ్వాడు. సేనాపతి ఫోటోలు వచ్చినప్పుడల్లా ఫోన్‌లో పెద్దవి చేసి, ముఖం పక్కకు జరిపి, కవచం మాత్రమే చూసుకుంటాడు.

ఆ రోజు మధ్యాహ్నం హయత్‌నగర్ ఫంక్షన్ హాల్లో పోటీ. వేదిక వెనక హేమచంద్ర భుజం పట్టీ ఊడింది. కవచం నడుము మీదికి జారింది.

"గమ్ ఉందా భాయ్?"

గమ్ ట్యూబు యాసిన్ ప్యాంటు జేబులో ఉంది.

"అయిపోయింది. పొద్దుగాల్నే అయిపోయింది."

హేమచంద్ర అతని జేబు వైపు చూశాడు. శిరస్త్రాణం తీశాడు, కవచం విప్పాడు, కత్తితో సహా యాసిన్ చేతికిచ్చాడు.

"నీ ఒంటి మీదైతే పట్టీ లేకున్నా నిలుస్తుంది. నువ్వెళ్లు. వాళ్లు పిలుస్తున్నారు."

కవచం నిలిచింది. యాసిన్ వేదిక ఎక్కాడు. కత్తి ఎత్తాడు. జనం ఈలలు వేశారు. దిగి వస్తుంటే తేజస్వి ఎదురొచ్చింది.

"సేనాపతీ, ఇటు రా. ఫోటో."

యాసిన్ వెనక్కి తిరిగి హేమచంద్ర కోసం చూశాడు.

"నిన్నే," అంది తేజస్వి. హేమచంద్ర ఇంటికి వెళ్లిపోయాడనీ, ఇకమీదట రానన్నాడనీ చెప్పింది. కారణం అడిగితే చెప్పలేదంది. యాసిన్ ఫోటోకు నిలబడ్డాడు. తర్వాత వేదిక వెనక్కి వెళ్లాడు.

గోడవారగా కుర్చీ మీద హేమచంద్ర చేతి తొడుగులున్నాయి. రెగ్జిన్ వేళ్లు కత్తి పిడిని పట్టుకున్నట్టు ఇంకా వంగే ఉన్నాయి.