మేస్త్రి వెతికిన లీకు

నాలుగోసారి కూడా విరేచనాలూ చలిజ్వరమూ కలిసికట్టుగా వచ్చేసరికి మేస్త్రికి కోపం రోగం మీద రాలేదు, ఇంట్లోవాళ్ళ మీద వచ్చింది. ఇంట్లోవాళ్ళంటే పెద్ద గుంపేమీ కాదు, ఆయనా ఆయన భార్యా. తన మీద తనకు కోపం తెచ్చుకునే అలవాటు ఆయనకు లేదు కనుక ఇక మిగిలిందెవరో చెప్పనక్కర్లేదు.

ఆయన ముప్ఫై రెండేళ్ళపాటు ఇళ్ళకు నీళ్ళ పైపులు వేసి బతికినవాడు. కిందటేడు గొంతులో గడ్డ తీసేశాక మాట బొంగురుగానైనా మిగిలింది గానీ మింగడం మాత్రం పూర్తిగా పోయింది. డాక్టర్లు పొట్టకు చిన్న రంధ్రం చేసి, చిటికెన వేలంత లావు కూడా లేని గొట్టం ఒకటి అమర్చారు. ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన ఆహారప్పొడిని నీళ్ళలో కలిపి సంచిలో పోసి స్టాండుకు తగిలిస్తే, ఆ చిక్కటి పాలు సన్నటి పైపులోంచి గొట్టంలోకీ, గొట్టంలోంచి కడుపులోకీ దిగుతాయి. రోజుకు ఐదుసార్లు. మరొకరైతే కుమిలిపోయేవారే. మేస్త్రి మాత్రం మొదటిరోజే గొట్టం చివర బిరడా తిప్పి చూసి, బిగింపు బాగా కుదిరిందని డాక్టరుకు కితాబిచ్చాడు. పైపులతో బతికినవాణ్ణి, పైపుతో బతకలేనా అని చూడవచ్చినవాళ్ళందరినీ నవ్వించాడు. అయితే అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది ఆయన సంగతి. పోపు వాసన వస్తే చాలు, లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళిపోయేవాడు.

ఇంటికి వచ్చినరోజునే పనులు పంచేశాడు. పొడి కలిపి ఇవ్వడం భార్య వంతు, అక్కడినుంచి పైపు పనంతా తన వంతు. తలుపు వేసుకుని తానే తగిలించుకునేవాడు, తానే విప్పుకునేవాడు. పని చేస్తుంటే పక్కన ఎవరైనా నిలబడితే ఆయనకు చెయ్యి ఆడదు. ఈ సంగతి ఆవిడకు పెళ్ళైన వారానికే తెలిసింది కనుక ఎన్నడూ తొంగి చూడలేదు.

మొదటిసారి జబ్బు చేసినప్పుడు ఎవరికైనా వచ్చేదేలే అనుకున్నారు. మూడురోజులు సెలైన్ ఎక్కించి పంపారు. ఇరవై రోజులు తిరక్కుండానే మళ్ళీ అదే. ఊళ్ళో సగం మరుగుదొడ్లు బాగుచేసినవాణ్ణి, చివరికి సొంత మరుగుదొడ్డిలో కాపురం పెట్టాల్సి వచ్చిందని మేస్త్రి వాపోయాడు. కడుపులోకి ఎక్కడినుంచో క్రిములు వెళుతున్నాయన్నాడు డాక్టరు. నీళ్ళు కాస్తున్నారా, చేతులు సబ్బుతో కడుగుతున్నారా, గిన్నెలు శుభ్రమేనా అని వరసబెట్టి అడిగాడు. ఒక్కో ప్రశ్నకూ మేస్త్రి తల తిప్పి భార్యవైపు చూశాడు. కాస్తున్నానండీ, కడుగుతున్నానండీ అని ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. ఆయన అలా చూస్తున్నకొద్దీ ఆవిడకే తన జవాబుల మీద నమ్మకం తగ్గిపోయింది.

ఎక్కడైనా నీరు కారుతోందంటే ట్యాంకు దగ్గర మొదలుపెట్టి కిందిదాకా ఒక్కో జాయింటూ చూడాలి. చూసినదాని మీద సుద్దముక్కతో గీత పెట్టాలి. మేస్త్రి పద్ధతి అది. ఆసుపత్రినుంచి రాగానే సుద్దముక్క తీశాడు. ట్యాంకు రెండుసార్లు కడిగించాడు, గీత. వంటింటి కుళాయి మార్చాడు, గీత. సింకు కింద వంపు పైపు విప్పి, అందులో దొరికిన చెవిదుద్దు శీల ఒకటి ఆవిడకు అప్పగించి, మళ్ళీ బిగించాడు, గీత. నీళ్ళు ఇరవై నిమిషాలు తెర్లాలని గడియారం తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. గిన్నెలు తుడిచే గుడ్డను ఇంట్లోంచి బహిష్కరించాడు. పక్కింటి పిల్లి కిటికీలో కూర్చుంటోందని దానిమీద కూడా అనుమానపడి జాలీ బిగించాడు. పొయ్యికీ, గిన్నెకూ, పొడి డబ్బాకూ అన్నిటికీ గీతలు పడ్డాయి. గీత పడకుండా ఇంట్లో తిరుగుతున్నది ఆవిడొక్కతే.

మూడోసారి జబ్బు చేసినప్పుడు ఆవిడ అన్నయ్య చూడటానికి వచ్చాడు. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. దేన్నైనా వరసలో నిలబెట్టి చూస్తేగాని ఆయనకు తృప్తి ఉండదు. మేస్త్రి తన వెతుకులాటంతా పూసగుచ్చినట్టు చెప్పి, "అన్నీ చూశాను బావా. ఇక మిగిలింది మీ చెల్లెలి చేతులే" అన్నాడు.

అన్నయ్య అలవాటు చొప్పున, "ఏదీ, చేతులు చూపించమ్మా" అన్నాడు.

యాభై రెండేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి, రెండు చేతులూ చాచి బడిపిల్లలా నిలబడింది. ఆయన గోళ్ళు చూశాడు, అరచేతులు తిప్పించి చూశాడు, బాగానే ఉన్నాయి గానీ ఇంకాస్త జాగ్రత్తగా ఉండమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవేళనుంచి పొడి కలిపే పని కూడా మేస్త్రే తీసుకున్నాడు. ఆవిడ ఆ గది గుమ్మం దాటడం మానేసింది.

న్యాయానికైతే గొడవ అక్కడితో తీరిపోవాలి. ఆవిడ చెయ్యి తగలకపోతే జబ్బు రాకూడదు. వచ్చింది. అంతకు ముందు నాలుగురోజులు ఆవిడ కూతురి పురిటికని వెళ్ళి అక్కడే ఉంది. తిరిగివచ్చిన మర్నాడే మేస్త్రికి చలి పట్టుకుంది. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడ కాసేపు ఆగి ఆలోచిస్తాడు. మేస్త్రి ఆగలేదు. ప్రసూతి ఆసుపత్రిలో తిరిగిన చీరతో ఇంట్లోకి వచ్చి నా ప్రాణం మీదికి తెచ్చావన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆవిడ అనవచ్చు, అనలేదు. స్నానం చేసి వచ్చి, ఆసుపత్రి సంచి సర్దింది.

ఈసారి డాక్టరు ప్రశ్నలు అడగలేదు. ఒంట్లో నీరంతా పోయి మూత్రపిండాల దాకా వచ్చిందనీ, ఐదోసారి ఇలా జరిగితే ఇంట్లో ఉంచడం కుదరదనీ, ఇలాంటివాళ్ళను చూసుకునే కేంద్రంలో చేర్చాల్సిందేననీ చెప్పాడు. ముందుగా ఒక నర్సును పంపుతాను, ఇంట్లో ఎలా జరుగుతోందో చూస్తుంది అన్నాడు. మేస్త్రికి ఆ కేంద్రం బాగా తెలుసు. దానికి పైపులు వేసింది ఆయనే. గదికి ఆరు మంచాలు, మనిషి తల కంటే ఎత్తున కిటికీలు. అక్కడ పడుకుని పైకప్పు చూస్తూ బతకాలనుకునేసరికి ఆయనకు భయం వేసింది. భయం వేసినప్పుడల్లా ఆయనకు కోపం వస్తుంది. నన్ను ఇంట్లోంచి పంపించేదాకా నీకు తోచదని ఇంటికి వచ్చే దారంతా ఆవిడను సాధించాడు.

శుక్రవారం పొద్దున పదింటికి నర్సు వచ్చింది. లావుపాటి మనిషి, మాట తక్కువ. వంటిల్లు చూసింది, సుద్దగీతలు చూసి అవేమిటని కూడా అడగలేదు. గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని, "రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి మేస్త్రిగారూ. నేనిక్కడ లేననుకోండి" అంది. భార్య గుమ్మం అవతల నిలబడింది. పక్కన మనిషి ఉంటే చెయ్యి ఆడదన్న సంగతి మేస్త్రి ఆవేళ మరిచిపోయాడు. తన పనితనం చూపించే అవకాశం మరి. మోచేతుల దాకా సబ్బుతో కడిగాడు. కొలిచి, కలిపి, గిన్నె పట్టుకుని స్టాండు దగ్గరికి వచ్చాడు.

నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకా సంచిలో పొయ్యనేలేదు కదా, పైపులో పాలెక్కడివి?"

"పొద్దుటివమ్మా," అన్నాడు మేస్త్రి సంతోషంగా. ఇన్నాళ్ళకు పైపు గురించి అడిగే మనిషి దొరికింది. "లైను ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఖాళీ అయిందంటే గాలి చొరబడుతుంది, ధార తెగిపోతుంది. గాలి వెళ్ళనివ్వద్దని మీ ఆసుపత్రివాళ్ళే చెప్పారుగా. అందుకని సంచి అడుగంటకముందే పైపు క్లిప్పు బిగించేస్తాను. ఇన్ని నెలల్లో ఒక్క బుడగ పోలేదంటే నమ్ము."

రాత్రి మిగిలినవి కూడా అలాగే ఉంచుతారా అని నర్సు అడిగింది. అవి పొద్దుటికి పనికొస్తాయన్నాడు. ఈ పైపు ఎప్పుడు మార్చారని అడిగింది. మంచి సరుకు, ఇంకో నెల ఢోకా లేదన్నాడు.

నర్సు లేచి చేతులకు తొడుగులు వేసుకుని, పైపు విప్పి, అందులోవి ఒక గిన్నెలోకి వదిలింది. గిన్నె తెచ్చి మేస్త్రి ముక్కు కింద పెట్టింది. పులిసిన కంపు కొట్టింది. పాలలో విరుగుడు పలుకులు తేలుతున్నాయి. గొంతు ఆపరేషను ఆయన ముక్కును ఏమీ చెయ్యలేదు.

కలిపిన పాలు నాలుగు గంటలు దాటితే పారబోయాలని నర్సు చెప్పింది. పైపు ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేసి కడగాలి, రోజుకొకటి మార్చాలి. గాలి ఉంటే తగిలించుకునేముందు వదిలేస్తే సరిపోతుంది. "నీళ్ళ లైను పద్ధతి పాలకు పనికిరాదు. ఇంటినిండా ఎక్కడా తప్పు లేదు మేస్త్రిగారూ, ఇక్కడే ఉంది" అంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. మేస్త్రి మంచం మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి, ఇంట్లో మాత్రం నీళ్ళ వల్లేనని చెప్పమని నర్సును బతిమాలాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదమ్మా అన్నాడు. కాగితంలో చూసిందే రాస్తాననీ, ఇంట్లో చెప్పుకోవాల్సింది మీరేననీ చెప్పి నర్సు తన సంచి సర్దుకుని లేచింది. చెప్పడానికి మాత్రం ఏం మిగిలింది, గుమ్మం అవతల మూడడుగుల దూరంలో మనిషి నిలబడే ఉంది.

నర్సు వెళ్ళాక మేస్త్రి వంటింట్లోకి వచ్చాడు. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది.

"విన్నావుగా. తప్పు నాదే," అన్నాడు.

"అన్నయ్యకి చెప్పండి," అంది ఆవిడ.

తర్వాత చెబుతానన్నాడు, సాయంత్రం చెబుతానన్నాడు. ఆవిడ ఫోను తెచ్చి ఎదురుగా పెట్టింది. అవతల అన్నయ్య సంగతి సగం విని, పోన్లే బావా, ఇప్పటికైనా దాని పొరపాటు దానికి తెలిసింది, అదే పదివేలు అన్నాడు. కాదు, మీ చెల్లెలి చేతులు కాదు, నావి అన్నాడు మేస్త్రి. బొంగురు గొంతు, అవతల వినపడలేదు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి ఉన్న గొంతంతా పెట్టి, "నా చేతులు బావా! మొదటినుంచీ నావే!" అన్నాడు. దగ్గు తెర వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జన్మలో అంత సిగ్గుపడలేదు.

దగ్గు తగ్గాక ఆయన ప్రాణం తేలికపడింది. లీకు దొరికింది, ఇక గొడవ తీరినట్టే, నన్నెక్కడికీ పంపనక్కర్లేదు అంటూ నవ్వబోయాడు.

"పాపను నేను ఎత్తుకోలేదు," అంది ఆవిడ.

మేస్త్రికి అర్థం కాలేదు.

"నాలుగురోజులు ఉన్నాను. మనవరాల్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. నా చేతుల్లో ఏముందోనని భయపడి చచ్చాను. నడుం నొప్పని చెప్పాను. అమ్మాయి నమ్మలేదు. ఆడపిల్ల పుట్టిందని నీకు ఇష్టం లేదా అమ్మా అని ఏడ్చింది. అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను. ఏమని చెప్పను? నా చేతులకు రోగం ఉందని చెప్పనా?"

మేస్త్రికి ఆవిడను క్షమించమని అడగాలని ఉంది, ఏ మొహంతో అడగాలో తెలియలేదు. తోచింది ఒక్కటే. ఫోను తీసి కూతురి నంబరు వెతకసాగాడు.

ఆవిడ లేచి వచ్చి ఫోను లాక్కుంది. "మీరాగండి. మీరు బాగుచెయ్యబోయిన ప్రతిదీ ఇలాగే తగలడింది," అంది. కూతురి గొంతు వినపడగానే ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేనేనే. నడుం నొప్పీ లేదు, ఏమీ లేదు. రేపు పొద్దున్నే వస్తున్నాను. పాపకు స్నానం చేయించకు, నేను వచ్చి చేయిస్తాను."