ముక్కు చుట్టూ గీత

బొమ్మలో వేసిన ముక్కును బోర్డుల పెయింటరు మళ్లీ గీకేశాడు. కత్తికి అంటిన రంగును గుడ్డకు తుడిచి, గోడకు అంటించిన అచ్చుబొమ్మ వంక కసిగా చూశాడు. అందులో ఎవరో ముసలామె దుంపలు ఒలుస్తోంది. పాతకాలపు చిత్రకారుడెవడో ఉన్నదున్నట్టు దించేశాడు: కళ్ల కింద సంచులు, పగిలిన పెదవి, చెంప మీద కిటికీ వెలుగు. ఆ మొహం వేయడం వస్తే ఏ మొహమైనా వస్తుందని డ్రాయింగు మాస్టారు చెప్పాడు.

దుకాణాల బోర్డుల మీద అతని అక్షరం ముత్యమే. ఏం లాభం? జీవితమంతా అంచు గీసి లోపల రంగు నింపిన చెయ్యి మొహానికీ అదే పని చేస్తోంది. ఎడమ నుంచి కుడికి, చెవి పూర్తయ్యాక చెంప, చెంప పూర్తయ్యాక ముక్కు! పైగా బోర్డు రంగు సాయంత్రానికి ఆరుతుంది. ఈ నూనె రంగు ఎన్ని రోజులైనా ఆరి చావదు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు కుంచెను తిట్టిపోశాడు.

పొద్దున మాస్టారు వచ్చి చూసి నిట్టూర్చాడు.

“ముక్కు చుట్టూ ఆ గీతేంటయ్యా? ఇది మొహమా, బోర్డా? వెలుగూ నీడా కలిసేచోటే ముక్కు. మళ్లీ వెయ్యి.”

“చెయ్యి ఎప్పటికి తిరుగుతుంది మాస్టారూ?”

“తొందరపడితే వచ్చే విద్య కాదిది.”

తొందరెందుకో పెయింటరు చెప్పలేదు. పక్కగదిలో మంచం పట్టిన భార్యకు గుండె నీరసించింది. ఇక మందులతో లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. “ఊళ్లో వాళ్లందరి పేర్లూ రాశారు, నా మొహం ఒక్కటి వెయ్యండి” అని ఆమె అడిగింది. సరేనన్నాడు. కానీ తప్పుగా వేస్తే, రేపు తనకు మిగిలేది ఆ తప్పు మొహమేనని అతని భయం.

మధ్యాహ్నం పాలు తీసుకెళ్లి ఇచ్చాడు.

“ఏమండీ, ఆవిడ ముక్కు అయిందా?”

“ఇదిగో, అయిపోతుందే.”

“నేనిక్కడ కాచుక్కూర్చుంటే, దుంపలావిడతో సరసాలా?” నవ్వబోయి దగ్గింది. “వంకరగా వచ్చినా పర్లేదండీ. ఇవాళే వెయ్యకూడదూ?”

“కాస్త చెయ్యి తిరగనీవే. నిన్ను పాడుచేసుకోలేను.”

ఆమె కిటికీ పక్కనున్న కుర్చీ వంక చూసింది.

అతను తిరిగొచ్చి పనిలో పడ్డాడు. మళ్లీ గీత వచ్చింది. విసుగెత్తి కుంచె పారేసి, బొటనవేలితో ఆ గీతను చెంపలోకి రుద్దేశాడు. అంతే, ముక్కు లేచి నిలబడింది! ముసలామె ఊపిరి పీల్చుకున్నట్టే ఉంది. ఇన్నాళ్ల కష్టానికి అతనికి ఏడుపొచ్చింది.

“వచ్చేసిందే! లే, ఇప్పుడే కూర్చోబెడతా!” అంటూ పరుగెత్తాడు.

మంచం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. ఎలా లేచిందో ఏమో, మంచి బట్టలు కట్టుకుంది, తల దువ్వుకుంది. ఒక చెంపకే పౌడరు రాసుకుంది. తల భుజం మీదికి వాలిపోయింది.

“ఏమే” అన్నాడు. భుజం పట్టుకుని కుదిపాడు. “ఏమే... వంకరగానే వేస్తానే, లేవే!”

అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడి, రంగు చేతులతోనే తల బాదుకుంటూ గొల్లుమన్నాడు.

కిటికీ గట్టు మీద పౌడరు డబ్బా మూత తీసే ఉంది.