ఊదారంగు కుచ్చులు

"కూర్చున్నచోటే కూర్చుని వెంట్రుకలు పీకడం కూడా ఒక పనేనటే?" అన్నాడు నా మొగుడు సెవెరో, గుమ్మంలో బూట్లు విదిలిస్తూ.

నేను తలెత్తలేదు. మా కొండల్లో మేపే పొడుగుమెడ లామాల బొచ్చులో మెత్తటి ఉన్నితో పాటు ముతక వెంట్రుకలు కూడా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి పారేయకపోతే ఆ ఉన్నితో నేసిన శాలువా ఒళ్ళంతా గుచ్చుతుంది. ఒక్క లామా బొచ్చు శుభ్రం చెయ్యడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది, అదీ పొద్దున్నే దొడ్డి ఊడ్చి, దుంపలు ఉడకేసి, అత్త కాళ్ళకి కాపడం పెట్టి, మందని మేతకి తోలి, మళ్ళీ తోలుకొచ్చాక మిగిలే పొద్దులో. పోయిన ఏడు జిల్లా సంతలో మేలైన ఉన్నికి మొదటి బహుమతి మాకే వచ్చింది. సెవెరో టోపీ చేత్తో పట్టుకుని వేదికెక్కి, "ఇది మా తాతల నాటి చేతి మెళకువ" అన్నాడు. అతని తాత చేతికి సారా సీసా తప్ప ఇంకేదీ అలవాటు లేదని ఊరంతటికీ తెలుసు. ఆ మెళకువగల చేతులు కింద, ఉన్ని మూటల మీద కుక్కలు కాలెత్తకుండా కాపలా కాస్తున్నాయి. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టానా అని తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు మండుతాయి.

ఆ రోజు సెవెరో ఒంటరిగా రాలేదు. వెనకాలే రుఫినో, పశువుల బేరగాడు, పెద్ద పొట్టేసుకుని లోపలికొచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. కీన్వా గింజల గంజి పోసి ఇద్దరికీ ఇచ్చాను. నేను గదిలో లేనట్టే మాట్లాడుకున్నారు.

"ఆడవన్నీ తోలుకుపో అన్నా," అన్నాడు సెవెరో. "కార్నివాల్ పండగ కానీ. మంద చెవులకి కుచ్చులు కడతాం కదా, ఆ రోజే వచ్చి కళ్ళారా చూసుకో. మర్నాడు నీ పాత లారీ నాకు, నా మంద నీకు."

రుఫినో వెళ్ళేదాకా ఆగి అడిగాను. "ఆ లామాలు నావి కదా?"

సెవెరో నవ్వాడు. "నువ్వే నాదానివి. నీ లామాలు ఇంకెవరివే?" ఆ మాట అతనికే ఎంత ముద్దొచ్చిందంటే, వాళ్ళమ్మని కేకేసి మరీ మళ్ళీ చెప్పాడు.

మా అత్త నికోలాసా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అలాగే పడుకుని, "మీ మామ నా గొర్రెల్ని ఎన్నిసార్లు అమ్ముకోలేదు? నేను నోరెత్తానా? ఆడది నోరు మూసుకుంటేనే కాపురం నిలిచేది" అంది.

మొట్టమొదటి లామా నాకు పుట్టువెంట్రుకలు తీసిననాడు వచ్చింది. జ్ఞానస్నానంలో నన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లి ఉర్సులా నా మొదటి పాయ కత్తిరించి, నా చేతికి ఒక తెల్లటి ఆడ లామా తాడు ఇచ్చింది. మబ్బు అని పేరు పెట్టుకున్నాను. మబ్బు కడుపున పుట్టినవీ, వాటి కడుపున పుట్టినవీ అన్నీ నావే. మాలో ఆడపిల్ల ఆస్తి అలాగే నడుస్తుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేటప్పుడు నా వెంట ఏడు నడిచొచ్చాయి. ఇప్పుడవి ముప్పై నాలుగు. సెవెరోకి వాళ్ళ నాన్న ఇచ్చినవి నాలుగే నాలుగు మగవి. కానీ పెళ్ళయిన మొదటి కార్నివాల్‌కి అత్త నా ఒళ్ళో ఎర్రనూలు ఉండ పడేసి, "ఒక ఇంటికి ఒకటే రంగు" అంది. ఎవరి రంగు కుచ్చు చెవికుంటే లామా వాళ్ళది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నా చేత్తోనే నా ఏడింటికీ ఎర్రకుచ్చులు కుట్టాను. కుచ్చులు ఎండకీ వానకీ ఏడాదిలో రాలిపోతాయి. ప్రతి ఏడూ మళ్ళీ కుట్టాను, పదకొండేళ్ళపాటు. దొంగ చేతికి తాళం ఇచ్చింది నేనే.

ఆ రాత్రి ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఒక కసి మాత్రం రాజుకుంది. ఎలా దెబ్బ కొట్టాలా అని ఆలోచించడంలో అంత సుఖం ఉంటుందని నాకు అంతవరకూ తెలీదు.

మర్నాడు అంగడిలో ఊదారంగు పొడి పొట్లం కొని నూలుకి అద్దాను. మా అమ్మ తన లామాలకి కట్టే రంగు ఊదా. రోజుకి నాలుగు కుచ్చులు చుట్టి, బుట్టలో ఎర్రవాటి కింద దాచాను. నిజానికి దాచనక్కర్లేదు. ఆడదాని నూలుబుట్టలోకి తొంగి చూసేంత తీరిక ఆ ఇంట్లో ఎవరికుంది? తర్వాత సగం రోజు నడిచి ఉర్సులా ఇంటికి వెళ్ళి విషయమంతా చెప్పాను. ముసలామె తాంబూలంలా కోకా ఆకు బుగ్గన పెట్టుకుని నమిలింది. "మందలో ఏది ఎవరి బిడ్డో నీకు గుర్తుందా?" అంది. "అన్నీ గుర్తే అమ్మా" అన్నాను. "అయితే వస్తా" అంది. మిగతా సాక్షులను పిలిచే శ్రమ సెవెరోనే తీసుకున్నాడు. రుఫినో ముందు గొప్ప చూపించుకోవాలి కదా, ఊరంతటినీ పిలిచాడు.

మా దగ్గర కుచ్చుల రోజున దొడ్డిలో ఎవరూ కోపంగా మాట్లాడకూడదు. మంద చెవిన తిట్టు పడితే చూలుతో ఉన్నవాటికి కడుపు పోతుంది, ఇంటి అదృష్టం గోడ దూకి పోతుంది. ఎంత తాగినవాడైనా ఆ రాళ్ళ గోడ లోపల తియ్యగానే మాట్లాడాలి. మగవాడు మెడ పట్టుకోవాలి, ఆడది చెవికి కుచ్చు కుట్టాలి. మధ్యలో ఆపకూడదు.

నేలమీద కోకా ఆకు పరిచారు, సారా చిలకరించారు. సెవెరో మొదటి లామా మెడ వాటేసుకుని అందరివైపూ తిరిగి నవ్వాడు. నేను బుట్ట అడుగున చెయ్యి పెట్టి ఊదాకుచ్చు తీశాను.

అతని నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం మారాయి.

"ఇది ఎవరి బిడ్డ?" అని గట్టిగా అడిగింది ఉర్సులా.

"నల్లముక్కు బిడ్డ. నల్లముక్కు మబ్బు బిడ్డ."

"మబ్బు ఎవరిది?"

"నా పుట్టువెంట్రుకల నాడు నువ్విచ్చిందే అమ్మా."

"అందరూ విన్నారుగా? కుట్టు తల్లీ."

కుట్టాను. సెవెరో పళ్ళు బయటపెట్టి నవ్వుతూనే నా చెవిలో బుసకొట్టాడు. "ఏంటే ఈ వేషాలు?"

"మెడ గట్టిగా పట్టుకో, సూది నీకు దిగుతుంది."

"బయటికి రా, నీ సంగతి చెప్తా."

"చెప్దువుగానిలే. ఇంకా ముప్పై మూడున్నాయి."

ఒక్కొక్కదానికీ తల్లి పేరు, తల్లి తల్లి పేరు చెప్పాను. గుంపులోని ఆడవాళ్ళు మెల్లమెల్లగా గోడ దగ్గరికి జరిగారు. సెవెరో ఒక్కొక్క మెడా పట్టి తెచ్చి, నా ఆస్తిని తన చేతుల్తోనే నాకు అప్పగించాడు. పన్నెండోది అతని మొహమ్మీద ఉమ్మింది. అందరూ గొల్లున నవ్వారు. తుడుచుకుంటూ అతనూ నవ్వాల్సి వచ్చింది. నాకు జాలి వేసిందా? లేదు. నెమ్మదిగా కుట్టాను. ముడి సరిగా పడలేదని రెండింటికి విప్పి మళ్ళీ కుట్టాను. పదకొండేళ్ళు ఆ నవ్వు నేను నవ్వాను. ఒక్క పూట అతను నవ్వితే ఏం పోయింది?

అతని నాలుగు మగవాటికీ మాత్రం ఎర్రకుచ్చులు కుట్టాను, ముచ్చటగా. నేను దొంగని కాను.

"ఊదారంగు ఎవరిది?" అన్నాడు రుఫినో, చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని.

"బాసిలియాది," అంది ఉర్సులా, నన్ను చూపించి. "కొనాలంటే ఆ పిల్లని అడుగు. తాడు ఆమె చేత్తో ఇవ్వకుండా తోలుకుపోతే అరిష్టం, నీ సొంత మంద కూడా మిగలదు."

"అమ్మను," అన్నాను.

రుఫినో గ్లాసు గోడమీద పెట్టి, లారీ తాళాల కోసం జేబులు తడుముకుంటూ బయటికి నడిచాడు.

"గోడ దాటి ఎక్కడికి పోతావే నువ్వు?" అన్నాడు సెవెరో. గొంతులో తేనె, కళ్ళలో నిప్పు.

"ఉర్సులమ్మ మేత బీడుకి. ఇటునుంచి ఇటే, మందతో. కాపరి అవసరమైతే కబురు పెడతాలే."

అప్పుడు గోడ పక్కనుంచి మా అత్త లేచింది. మామ అమ్మగా మిగిలిన అత్త గొర్రెల వంతు వచ్చింది, ఇంటి రంగు ప్రకారం వాటికీ ఎర్రదే కుట్టాలి. కర్ర ఊతంగా నా దగ్గరికొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"మా పుట్టింటి రంగు పచ్చ," అంది, నాకొక్కదానికే వినపడేలా. "నా గొర్రెలకీ ఆ రంగు కుట్టవూ?"

ఆనాడు ఎర్రనూలు నా ఒళ్ళో పడేయకపోయి ఉంటే పదకొండేళ్ళు మిగిలేవి నాకు. నేనామెని క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు.

"నేను కుట్టను అత్తా," అన్నాను. సూది మాత్రం చేతిలో పెట్టాను.

ముసలామె దాన్ని వెలుగుకి పట్టి చూసింది. తన శాలువా అంచునుంచి ఒక పచ్చపోగు పళ్ళతో తెంపి, మూడోసారికి సూదిలోకి ఎక్కించింది. తర్వాత, ఆ రోజుకి తగ్గట్టు ఎంతో తియ్యగా, కొడుకుని పిలిచింది.

"సెవెరో, ఇలా రా నాన్నా. గొర్రెని పట్టుకో."