మునకలత్త ముడి

సముద్రం అడుగు తవ్వే డ్రెడ్జరు ఇనుప నోరు నీళ్లలోంచి పైకి లేచింది. దాని పళ్ల మధ్య పగడాల కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి, ఇంకా రంగు కూడా పోలేదు. వాటితోపాటే ఒక ఎర్ర ప్లాస్టిక్ డబ్బా, డబ్బాకు తాడు, తాడుకు ముడి. ఒడ్డున నిలబడ్డ మునకలత్త ఆ ముడిని గుర్తుపట్టింది. గుర్తుపట్టక ఏం చేస్తుంది, వేసింది తనే.

శంఖాల కోసం నలభై ఏళ్లుగా మునుగుతున్న మనిషి. రేవులో చిన్నాపెద్దా అందరూ ఆమెను మునకలత్త అనే పిలుస్తారు. మూడు నెలల కిందట ఓడరేవు కంట్రాక్టరు చేతులు జోడించి మరీ వచ్చాడు. "పగడాల గట్టుని కాపాడదామమ్మా. ఎక్కడెక్కడుందో గుర్తులు పెట్టండి, ఓడలు దాని జోలికి రావు" అన్నాడు. ఆమె నమ్మింది. గట్టు పొడుగునా ముప్పై ఎనిమిది డబ్బాలు కట్టింది. లోపల ఇనుప తీగ ఉన్న తాళ్లు, వాటికి తమ ఇంటి ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది. విప్పడం ఆమెకొక్కదానికే తెలుసు. తండ్రి నేర్పాడు, ఆమె ఇంకెవరికీ నేర్పలేదు. అదో గర్వం. కంట్రాక్టరు దగ్గర కూడా గొప్పగా చెప్పుకుంది.

ఇప్పుడు ఆ డబ్బాల వరస పట్టుకునే డ్రెడ్జరు తవ్వుకుంటూ పోతోంది. కొత్త ఓడరేవుకు లోతు కావాలట. అప్పటికే పదకొండు డబ్బాల మేర గట్టు పోయింది.

మధ్యాహ్నానికి రేవంతా వలల షెడ్డులో చేరింది.

"దారి చూపించింది నువ్వే కదా!" పడవల మేస్త్రి విరుచుకుపడ్డాడు.

"నేనే. నా చేతులు పడిపోనూ, నేనే."

"పోనీలెండి, రాళ్లేగా," జెట్టీ కూలీ ఒకడు నసిగాడు. "ఓడరేవొస్తే మనకి పని దొరుకుతుంది."

మునకలత్తకు ఒళ్లు మండిపోయింది. "రాళ్లా? ఒక్కసారైనా మునిగి చూశావా? ప్రాణమున్న పురుగులు వందల ఏళ్లు కూడబలుక్కుని కట్టుకున్న ఇల్లది. చేపపిల్లలకి పురిటిల్లు. మొన్న తుఫానుకి అల నీ గుమ్మం ఎందుకెక్కలేదనుకున్నావ్? ఆ గట్టు మీదే దాని నడుం విరిగింది కాబట్టి!"

కాలేజీలో చదివే ఆమె మేనకోడలు లేచింది. "తవ్విన బురద మిగతా గట్టు మీద పరుచుకుంటోంది. వెలుతురు అందక అదీ చస్తుంది. కలెక్టరుకి మూడు అర్జీలు పెట్టాం. గుర్తులున్న చోటే తవ్వుతున్నారట, అంతా పద్ధతి ప్రకారమేనట."

"అయితే గుర్తులు పీకేద్దాం," అన్నాడు వలలల్లే తాత.

"కత్తికి తెగవు తాతా. విప్పాల్సిందే," అంది మేనకోడలు.

అందరూ మునకలత్త వైపు చూశారు. ఇరవై ఏడు డబ్బాలు ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆమె తాడు ముక్క తీసి షెడ్డు గుంజకు బిగించింది.

"దగ్గరికి రండి. ఈ కొసని వెనక్కి తొయ్యాలి. లాగారో, చచ్చామే."

మేస్త్రి నాలుగుసార్లు లాగి నాలుగుసార్లూ బిగించాడు. "మీ ఆవిణ్ణి పిలువు, చిటికెలో విప్పేస్తుంది," అన్నాడు తాత. షెడ్డులో ఆ రోజుకు అదొక్కటే నవ్వు. చీకటి పడేలోగా జెట్టీ కూలీతో సహా అందరికీ ముడి వచ్చేసింది.

తెల్లవారేసరికి నీళ్ల మీద ఒక్క డబ్బా లేదు. డ్రెడ్జరు ఎక్కడ నోరు పెట్టాలో తెలియక ఆగిపోయింది. కాసేపటికే పోలీసులు మునకలత్త గుమ్మంలోకి వచ్చారు.

"ఈ ముడి విప్పడం నీకొక్కదానికే వచ్చట కదా. కంట్రాక్టరు చెప్పాడు. జీపెక్కు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జీపు ఒడ్డు వెంట పోతూ ఉన్నట్టుండి ఆగింది. నీళ్లలో పగడాల గట్టు మీదుగా ఈ కొస నుంచి ఆ కొస దాకా పడవలు నిలబడి ఉన్నాయి. ఒకదానికొకటి అదే తాడుతో, అదే ముడితో కట్టేసి ఉన్నాయి. ముందు పడవలో మేనకోడలు. పోలీసు పడవలోంచి కానిస్టేబుళ్లు కత్తులతో తాళ్లు కోస్తున్నారు, కత్తులే మొండిబారుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు మునకలత్తను జీపులోంచి కిందికి లాగాడు. "వెళ్లి విప్పు."

"నాకొక్కదానికే వచ్చని పట్టుకొచ్చారు. అది నిన్నటి మాట బాబూ. వాళ్లనడగండి."

లాఠీ ఆమె వీపు మీద పడింది. ఆమె మోకాళ్ల మీద కూలబడింది. ఇన్‌స్పెక్టరు మైకు అందుకున్నాడు. "ఆ ముడి విప్పడం మీలో ఎవరికి వచ్చు?"

ముందు జెట్టీ కూలీ లేచాడు. "నాకొచ్చు!" తర్వాత మేస్త్రి, తాత, మేనకోడలు. వరసగా పడవల్లో వాళ్లంతా లేచారు.

"అందరికీ వచ్చు! ఎవ్వరం విప్పం!"